లాబ్రడార్‌కు ఏటా వానకాలం దురద: సూది మీద సూది పొడిపించకుండా ఏళ్ల తరబడి మందు వాడటం ఎలా

మీరు రాసిన వివరం ఇదీ. ఊరు మిర్యాలగూడ. నాలుగేళ్ల మగ లాబ్రడార్, బరువు 30 కిలోలు. రెండేళ్లుగా తొలకరి పడ్డాక దురద మొదలై దసరా దాటేదాకా పోవడం లేదు. పాదాలు ఎర్రబడేదాకా నాకుతోంది, చెవులు వాసన వస్తున్నాయి, చంకల్లో తోలు నల్లబడి మందంగా అయింది. నెలన్నరకోసారి దురద సూది వేయిస్తున్నారు. సూది పడ్డ వారం సుఖంగా ఉంటుంది, తర్వాత మళ్లీ మొదలు. ఈమధ్య నీళ్లు విపరీతంగా తాగుతోంది, రాత్రి ఇంట్లోనే మూత్రం పోస్తోంది. హైదరాబాద్‌లో చూపిస్తే అపోక్వెల్ గోలీలు రోజూ వేయమన్నారు. జీవితాంతం మందులేనా, ఏది వేస్తే తక్కువ నష్టం అని మీ ప్రశ్న.

ఇది చూడబోతే అటోపీ, అంటే గాలిలో, ఇంట్లో ఉండే వాటికి పుట్టుకతో వచ్చే అలర్జీ. ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య బయటపడుతుంది, లాబ్రడార్లలో ఎక్కువ. పాదాలు, చెవులు, చంకలు, పొట్ట, మూతి చుట్టూ దురద దీని గుర్తు. పూర్తిగా నయం కాదు కాబట్టి ఏదో ఒక మందు ఏళ్ల తరబడి అవసరమే. కానీ ఏ మందు అన్నదానికంటే ఎంత తక్కువతో నడుస్తుందన్నదే పెద్ద ప్రశ్న. కుక్క ఒంటిని ఎడ్లబండి అనుకోండి. పది బస్తాల దాకా లాగుతుంది, పదకొండోది పడితే కూలబడుతుంది. అలర్జీ ఒక్కటే ఆరు బస్తాలైతే గోమార్లు, ఫ్లీలు రెండు, చర్మం మీద పెరిగే ఫంగస్, బ్యాక్టీరియా మూడు. పక్క బస్తాలు దించితే మిగిలిన బరువుకు కొద్దిపాటి మందు సరిపోతుంది. దించకుండా మందు పెంచుకుంటూ పోవడమే మీ సూదుల విషయంలో జరిగింది.

సూది చీటీలు తీసి చూడండి. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అసిటేట్ అనో, ట్రయామ్సినొలోన్ అనో ఉంటే అవి ఒంట్లో మూడు నుంచి ఆరు వారాలు ఉండిపోయే స్టెరాయిడ్లు. ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం, మోతాదు తగ్గించలేం, చెడు కనిపించినా ఆపలేం. అందుకే ఏటా పదేపదే వేసేందుకు అవి తగవు. అధిక దాహం, మూత్రం, ఆకలి, వగర్చడం, పొట్ట జారడం, తొడల కండ కరగడం, బొచ్చు పలచబడటం అన్నీ ఆ సూది పనే. మీరు ముందు చేయాల్సింది, ఒకరోజు కొలిచి నీళ్లు పెట్టి 24 గంటల్లో ఎంత తాగిందో రాసుకోవడం. కిలోకు 100 మి.లీ. దాటితే, అంటే మీ కుక్క 3 లీటర్లు దాటితే, మూత్రం, షుగర్ పరీక్ష తప్పనిసరి. స్టెరాయిడ్ మీద ఉన్న కుక్కకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మంట, నొప్పి పైకి కనిపించవు. అందుకని మామూలు మూత్ర పరీక్ష బాగున్నా కల్చర్, అంటే ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష, కూడా చేయించమంటాను.

ఇప్పుడు పక్క బస్తాలు. నడుం కింది భాగం, తోక మొదలు దగ్గర కొరుక్కుంటోందా? అయితే ఫ్లీలు ఉన్నట్టే. దుముకుతూ పరుగెత్తే సన్నటి గోధుమ రంగు పురుగులవి. కనపడకపోయినా నమ్మకండి, కుక్క నాకి మింగేస్తుంది. దువ్వెనతో దువ్వి రాలిన నల్ల పొడిని తడి తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీ పెంట, అంటే జీర్ణమైన నెత్తురు. అలర్జీ ఉన్న కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు. లెక్క ప్రకారం కుక్క మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో ఇరవయ్యో వంతు. మిగతావి గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లుగా పరుపులో, గచ్చు పగుళ్లలో, గోనెసంచుల్లో ఉంటాయి. అందుకే ఒక నెల మందు వేసి ఆపితే మళ్లీ వస్తాయి. కనీసం మూడు నెలలు వదలకుండా వేయాలి, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ పిల్లికీ వాటికి తగిన మందు వేయాలి. మీ కుక్క బరువుకు బ్రావెక్టో అయితే 1000 మి.గ్రా. గోలీ 12 వారాలకోసారి, అన్నంతో పాటే. నెక్స్‌గార్డ్ అయితే 136 మి.గ్రా. గోలీ నెలకోసారి. సింపారికా అయితే 80 మి.గ్రా. నెలకోసారి. మూడింట్లో ఏదో ఒకటి చాలు. ఇవే గజ్జి పురుగుల మీద కూడా పనిచేస్తాయి, కాబట్టి గజ్జేమో అన్న అనుమానమూ దీంతోనే తీరుతుంది. చెవి అంచులు, మోచేతులు గోకుతూ ఇంట్లో మనుషులకూ దద్దుర్లు వస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది. మూర్ఛ వచ్చే కుక్కలకు మాత్రం ఈ గోలీలు డాక్టర్‌ను అడగకుండా వద్దు.

పశువులకు వాడే డెల్టామెత్రిన్ నీళ్లు కుక్క ఒంటికి పోయడం మన దిక్కు అలవాటు. మోతాదు తప్పితే వణుకు, సొంగ, ఫిట్స్ వస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి మరీ ప్రమాదం. పశువుల ఐవర్‌మెక్టిన్ సూది వారం వారం పొడిపించడం కూడా ఆపండి.

చర్మం మీద పెరిగేవి ఇంకా పెద్ద బరువు. మీరు చెప్పిన వాసన, జిడ్డు, నల్లబడి ఏనుగు తోలులా మారడం చూస్తే మలసీజియా అనే ఈస్టు, అంటే ఒక రకం ఫంగస్, ఉన్నట్టు తోస్తోంది. చిన్న చీముపొక్కులు, గుండ్రటి పొలుసుల అంచులు ఉంటే బ్యాక్టీరియా. రెండూ కలిసి కూడా ఉంటాయి. కంటితో చూసి తేల్చకూడదు. పారదర్శకమైన టేపును చంకలో, వేళ్ల సందుల్లో అద్ది, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే పది నిమిషాల్లో తేలుతుంది. ఇంత చవకైన పరీక్ష చేయకుండా ఖరీదైన దురద మందు మొదలుపెడితే డబ్బు నీళ్లలో పోసినట్టే, ఎందుకంటే ఈస్టు దురదకు అపోక్వెల్ సగం కూడా పనిచేయదు. తర్వాత అందరూ మందు మంచిది కాదంటారు.

వైద్యం ముందు స్నానంతో. క్లోర్‌హెక్సిడిన్ 2 నుంచి 4 శాతం, దాంతో మైకొనజోల్ లేదా కీటోకొనజోల్ కలిసిన షాంపూ. మొదటి మూడు నాలుగు వారాలు వారానికి రెండు మూడు సార్లు, తర్వాత వారానికోసారి. 30 కిలోల కుక్కకు 30–40 మి.లీ. మగ్గు నీళ్లలో కలిపి తోలు దాకా పట్టించాలి, గడియారం చూసి పది నిమిషాలు ఉంచాలి. అందరూ తప్పేది ఇక్కడే: రెండు నిమిషాల్లో కడిగేస్తే మందుకు పనిచేసే వ్యవధే ఉండదు. మన బోరు నీళ్లు గట్టివి, నురగ సరిగా రాదు, కడిగాక తోలు మీద తెల్లటి పొర మిగిలి ఎండిపోతుంది. చివరి రెండు బకెట్లు భగీరథ నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోయండి. వేడి నీళ్లు దురద పెంచుతాయి, చల్లవి గానీ గోరువెచ్చవి గానీ మంచివి. వేళ్ల సందులు గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. తడిగా వదిలితే ఈస్టుకు అంతకంటే పండుగ లేదు. కళ్లలో, చెవి లోపల ఈ షాంపూ పడకూడదు. చెవికి వేరే మందు ఉంటుంది, అది చెవి లోపలి పొర చిరగలేదని డాక్టర్ చూశాకే వేయాలి.

స్నానంతో లొంగకపోతేనే గోలీలు. బ్యాక్టీరియాకు సెఫలెక్సిన్ కిలోకు 25 మి.గ్రా. చొప్పున, అంటే మీ కుక్కకు 750 మి.గ్రా. పొద్దున, రాత్రి, మూడు వారాలు. ఐదు రోజులకు పొక్కులు ఎండాయని ఆపడం వల్లే మందుకు లొంగని రకాలు పుడుతున్నాయి. మూడు వారాలకూ తగ్గకపోతే మందు మార్చే ముందు కల్చర్ చేయించండి. ఈస్టు మొండిదైతే ఇట్రాకొనజోల్ గానీ కీటోకొనజోల్ గానీ కిలోకు 5 మి.గ్రా. రోజుకోసారి, అన్నంతో, మూడు వారాలు, లివర్ పరీక్ష చూసుకుని. కీటోకొనజోల్ నడుస్తుండగా ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదు.

తిండి అలర్జీ సంగతి త్వరగా తేల్చేస్తాను. మీ కుక్కకు దురద ఎండాకాలం పూర్తిగా పోతోంది కాబట్టి తిండి మీద నాకు అనుమానం తక్కువ. ఏడాది పొడవునా గోకే కుక్కకైతే ఎనిమిది వారాల పథ్యం తప్పదు: అంతకుముందు తినని ఒకే మాంసం, ఒకే పిండి పదార్థం. కోడి, గుడ్డు, పెరుగన్నం మీద పెరిగిన కుక్కకు ముళ్లు తీసిన బొచ్చె చేప, ఉడికించిన రత్నపురిగడ్డ సరిపోతాయి. బిస్కెట్, పాలు, బొక్క, పక్కింటివాళ్లు వేసే ముద్ద ఏదీ ఉండకూడదు. ఒక్క బిస్కెట్‌తో లెక్క తప్పుతుంది. తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టాలి, రెండు వారాల్లోపు దురద తిరిగి వస్తేనే రుజువైనట్టు. నెత్తురుతో చేసే తిండి అలర్జీ పరీక్షలకు డబ్బు పెట్టకండి.

రోజువారీ మందు మొదలుపెట్టే ముందు నెత్తురు పరీక్ష. మన దిక్కు గోమార్లతో వచ్చే ఎర్లిచియా, బబీసియా జబ్బులు చాలా ఎక్కువ, పైకి బాగానే ఉన్న కుక్కల్లోనూ అణిగి ఉంటాయి. రోగనిరోధక శక్తి మీద పనిచేసే ఏ మందైనా వాటిని లేపొచ్చు. కాబట్టి ప్లేట్‌లెట్లతో సహా నెత్తురు కణాల లెక్క, లివర్, కిడ్నీ, షుగర్ చూడాలి. ప్లేట్‌లెట్లు తక్కువుంటే ముందు ఆ సంగతి తేల్చాలి.

ఇక అపోక్వెల్. లోపలి మందు పేరు ఒక్లాసిటినిబ్, 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది స్టెరాయిడ్ కాదు. దురద కబురు మోసే ఐఎల్-31 లాంటి వాటి దారిని కణం లోపల అడ్డుకుంటుంది. చాలా కుక్కల్లో తొలి రోజే తేడా కనపడుతుంది. మోతాదు కిలోకు 0.4 నుంచి 0.6 మి.గ్రా. గోలీలు 3.6, 5.4, 16 మి.గ్రా. రకాల్లో వస్తాయి. 27 కిలోల నుంచి 40 లోపు కుక్కకు 16 మి.గ్రా. గోలీ ఒకటి, 13.5 నుంచి 20 లోపు దానికి అందులో సగం. మీ కుక్కకు ఒక గోలీ పొద్దున, ఒకటి రాత్రి, ఎక్కువలో ఎక్కువ 14 రోజులు. ఆ తర్వాత రోజుకు ఒకటే. తిండితో ఇచ్చినా, ఖాళీ కడుపున ఇచ్చినా సమానమే.

రెండు నుంచి ఒకటికి దిగగానే, అంటే మూడో వారంలో, దురద కొంత తిరిగి లేస్తుంది. ఇది తెలియక చాలామంది మళ్లీ రోజుకు రెండు మొదలుపెట్టి నెలల తరబడి కొనసాగిస్తారు. అలా చేయొద్దు. వారం పది రోజులు ఓర్చుకోండి, ఆ వారంలో స్నానం ఒకటి పెంచండి. సాయంత్రాలు దురద ఎక్కువైతే గోలీ సాయంత్రానికి మార్చండి, లేదా అదే గోలీని సగం పొద్దున, సగం రాత్రి ఇవ్వండి, మొత్తం మారకూడదు. అప్పటికీ ఆగకపోతే మందు తప్పు అనుకునేముందు మళ్లీ టేపు పరీక్ష చేయించండి, పదింటిలో ఎక్కువసార్లు ఈస్టో బ్యాక్టీరియానో దొరుకుతుంది.

ఏడాది నిండని పిల్లలకు, డెమోడెక్స్ గజ్జి ఉన్నవాటికి, పెద్ద ఇన్ఫెక్షన్ నడుస్తున్నవాటికి, క్యాన్సర్ ఉన్నవాటికి ఇది ఇవ్వకూడదు. వాంతి, విరేచనం మొదట్లో కొన్నిటికి వస్తాయి, సాధారణంగా సర్దుకుంటాయి. నెలకోసారి ఒళ్లంతా చేత్తో తడిమి కొత్త గడ్డలు ఉన్నాయేమో చూడండి. మూడు నెలలకు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి నెత్తురు కణాల లెక్క. మధ్యలో జ్వరం, తిండి మానడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచి నెత్తురు, ముదురు రంగు మూత్రం కనిపిస్తే ఆ రోజే గోలీ ఆపి నెత్తురు చూపించండి. ఇది ఒక్కసారిగా ఆపినా ప్రమాదం లేదు, దురద తిరిగి వస్తుందంతే. రేబీస్ టీకా మాత్రం ఏ మందు నడుస్తున్నా మానొద్దు.

ఖర్చు భరించలేని ఇంటికి ప్రెడ్నిసొలోన్ గోలీ న్యాయమైన దారే. దాన్ని వాడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పద్ధతి తప్పకుండా వాడితే చాలు. మీ 30 కిలోల కుక్కకు కిలోకు అర మి.గ్రా. చొప్పున 15 మి.గ్రా. పొద్దున అన్నంతో, 5 నుంచి 7 రోజులు. తగ్గాక అదే 15 మి.గ్రా. రోజు మార్చి రోజు, ఒక వారం. తర్వాత 10 మి.గ్రా. రోజు మార్చి రోజు, రెండు వారాలు. తర్వాత 5 మి.గ్రా. రోజు మార్చి రోజు. దురద ఏ మెట్టు దగ్గర తిరిగి వస్తే దానికి ఒక మెట్టు పైన ఆగండి, అదే మీ కుక్క మోతాదు. రోజు విడిచి ఇవ్వడం ఎందుకంటే, మధ్య రోజు కుక్క ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి పనిచేస్తుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్‌తో ఇది కుదరదు, వాటి ప్రభావం రెండో రోజు దాకా సాగుతుంది. ఊళ్లో చవకగా దొరికే డెక్సా గోలీలను ప్రెడ్నిసొలోన్ లెక్కన వేయడం పెద్ద పొరపాటు, మి.గ్రా.కు మి.గ్రా. చూస్తే అది దాదాపు ఏడింతలు బలమైనది.

వానకాలం మూడు నాలుగు నెలలకు ఈ పద్ధతి సరిపోతుంది. ఏడాదంతా కిలోకు అర మి.గ్రా. రోజు మార్చి రోజు కంటే ఎక్కువ కావాల్సి వస్తే మందు మార్చాల్సిందే. వారాల తరబడి వేసిన స్టెరాయిడ్ గోలీలు అకస్మాత్తుగా ఆపకూడదు; నీరసం, వాంతి, కుప్పకూలడం దాకా పోతుంది. కుంటుతోందని మెలాక్సికామ్ వంటి నొప్పి మందు స్టెరాయిడ్‌తో కలిపితే కడుపులో పుండ్లు పడి నల్లటి విరేచనం అవుతుంది. ఈ రెండూ ఒకే చీటీలో కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. స్టెరాయిడ్, అపోక్వెల్ రెండూ కలిపి నెలల తరబడి నడపడమూ తప్పే.

మూడో దారి సైక్లోస్పోరిన్. కిలోకు 5 మి.గ్రా. రోజుకోసారి, మీ దానికి 100, 50 మి.గ్రా. క్యాప్సూల్స్ కలిపి 150 మి.గ్రా. పూర్తి ఫలం కనిపించేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందుకని ఒకటి రెండు వారాలకే పనిచేయలేదని ఆపేవాళ్లు చాలామంది. తొలి మూడు వారాలు ప్రెడ్నిసొలోన్ తోడు ఇస్తే ఆ ఎదురుచూపు గడుస్తుంది. తగ్గాక రోజు మార్చి రోజు, కొన్ని కుక్కలకు వారానికి రెండుసార్లకు కూడా దిగొచ్చు, ఖర్చు అక్కడ తగ్గుతుంది. వాంతి దీని పెద్ద బాధ. క్యాప్సూల్‌ను ఫ్రీజర్‌లో ఉంచి గడ్డకట్టాక ఇస్తే వాంతి తగ్గుతుంది. మందు షాపులో మైక్రోఎమల్షన్ రకమే అడగండి, పాత నూనె రకం సరిగా ఒంటపట్టదు. చిగుళ్లు పెరుగుతున్నాయేమో చూస్తుండాలి. ఈ మందు మీద ఉండగా బతికున్న వైరస్ టీకాలు వేయకూడదు. ఏడాదంతా గోకే కుక్కకు ఇది నచ్చుతుంది. మీది నాలుగు నెలల బాధ కాబట్టి నేనైతే దీన్ని వెనక ఉంచుతాను.

దురద కబురును నెత్తురులోనే పట్టేసే లోకివెట్‌మాబ్ సూది, నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి వేసేది, లివర్, కిడ్నీ బలహీనమైన కుక్కలకు మంచిదే, అయితే జిల్లా మందు షాపుల్లో దొరికే సరుకు కాదు. అలర్జీ ఏదో తేల్చి కొద్దికొద్దిగా అదే ఎక్కించే ఇమ్యునోథెరపీకి ఏడాది ఓపిక కావాలి. ఈ రెండింటి గురించి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మ విభాగం చూసే డాక్టర్లను అడగడం మేలు.

సెట్రిజిన్ గురించి రెండు మాటలు. ఒంటరిగా ఇది చాలా తక్కువ కుక్కలకే పనిచేస్తుంది, లేచిన దురదను ఆపలేదు. వేయదలిస్తే కిలోకు 1 మి.గ్రా., అంటే 10 మి.గ్రా. గోలీలు మూడు, రోజుకోసారి, రెండు వారాలు చూసి ఫలం లేకపోతే మానేయండి. ఉత్త సెట్రిజిన్ మాత్రమే. జలుబు గోలీల్లో ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్, పారాసిటమాల్ కలిసి ఉంటాయి, అవి కుక్కకు విషం లాంటివి. చక్కెర లేని సిరప్‌ల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అదీ అంతే. చేపనూనె మాత్రం నిజంగా మోతాదు తగ్గిస్తుంది: అందులోని ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ కలిపి కిలోకు 70 మి.గ్రా. దాకా. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఆ రెండూ కలిపి 300 మాత్రమే ఉంటాయి, కాబట్టి ఒకటి వేసి ఊరుకుంటే లాభం లేదు. ఒకటితో మొదలుపెట్టి వారానికి ఒకటి పెంచుతూ ఏడుకు వెళ్లండి, విరేచనం అయితే ఒక మెట్టు దిగండి. ఫలం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. కాడ్ లివర్ ఆయిల్ వద్దు, విటమిన్ ఎ, డి ఎక్కువైపోతాయి.

ఒంటికి రాసే వాటిలో బండి ఆయిల్, కిరోసిన్, డెట్టాల్, చిక్కటి వేపనూనె పూర్తిగా మానేయండి, కుక్క నాకి మింగుతుంది. మనుషుల గజ్జి ఆయింట్‌మెంట్లలో ఘాటైన స్టెరాయిడ్లు ఉంటాయి. గచ్చు ఫినాయిల్‌తో తుడిస్తే ఉత్త నీళ్లతో మళ్లీ తుడిచి ఆరాకే కుక్కను పడుకోనివ్వండి.

మీ కుక్కకు ఏడాది లెక్క ఇలా వేసుకోండి. మేలో ఫ్లీ గోలీ, చేపనూనె మొదలు. రోహిణి కార్తె వెళ్లగానే వారానికోసారి స్నానం. వానలు పడి దురద మొదలైన వారంలోనే అపోక్వెల్, పుండ్లు పడేదాకా ఆగొద్దు. చెల్కల్లో, దారి పక్కన వయ్యారిభామ పూసే రోజుల్లో, తర్వాత వడ్లు కోసి ఆరబోసే రోజుల్లో తిప్పుకొచ్చాక నాలుగు పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడవండి. వడ్లు, ఊక, తౌడు ఉన్న గదిలో పడుకోబెట్టకండి. పరుపు గుడ్డలు వారానికోసారి వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ప్రతి ఆదివారం దురదకు సున్నా నుంచి పది దాకా ఒక అంకె క్యాలెండర్ మీద రాయండి, నెలకోసారి వడ్ల కాంటా మీద బరువు తూచండి. దసరా దాటాక అంకె రెండు, మూడుకు దిగి మూడు వారాలు నిలిచాక గోలీని రోజు మార్చి రోజు చేసి చూడండి, అదే అంకె నిలిస్తే ఆపేయండి.

ఈ వారం డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సూదులు పడ్డ తేదీల జాబితా, నీళ్ల కొలత, పొద్దున పట్టిన మూత్రం సీసా తీసుకెళ్లండి. చివరి సూది పడి ఆరు వారాలు కాకపోతే దాని ప్రభావం ఇంకా ఒంట్లో ఉందని గుర్తుంచుకుని, అపోక్వెల్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ తేదీని బట్టే నిర్ణయించమనండి. రాబోయే మూడు నెలల్లో ఏ ఆపరేషన్ కోసమైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ సూదుల సంగతి ముందే చెప్పండి, అడ్రినల్ గ్రంథి ఇంకా కోలుకుని ఉండకపోవచ్చు.